పెద్ద బండ్లకు ఎక్కువ పన్ను వేయాలా వద్దా? నడిపేవాళ్లు, నడిచేవాళ్లు ఇద్దరూ చెప్పండి

నక్కలగుట్ట అక్క (హనుమకొండ)

అందరికీ నమస్తే. సాయంత్రం ఆరు దాటాక హనుమకొండ చౌరస్తా నుంచి అశోకా జంక్షన్ దాకా ఒకసారి నడిచి చూడండి. ఫుట్‌పాత్ ఉన్న చోట ఫ్లెక్సీలు, తోపుడు బండ్లు. తోపుడు బండ్లవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లది పొట్ట తిప్పలు. కానీ బట్టల షాపు ముందు రెండు పెద్ద ఎస్‌యూవీలు సగం రోడ్డు మీదికి వచ్చేట్టు ఆపితే, పిల్ల చెయ్యి పట్టుకుని నేను బస్సులు పోయే దారిలోకి దిగాల్సి వస్తుంది. ఎవరినైనా అడిగితే "రెండు నిమిషాలే అక్కా" అంటారు. ఆ రెండు నిమిషాలు గంటైనా తీరవు.

గుట్టలెక్కడానికి, వాగులు దాటడానికి తయారైన బండిని పొద్దస్తమానం ఊరి నడిబొడ్డున తిప్పేవాళ్లు మామూలు కారువాళ్లకంటే ఎక్కువ పన్ను కట్టాలా వద్దా? నేను కట్టాలనే అంటాను. ఎక్కువ జాగా తీసుకుంటున్నారు, ఎక్కువ పొగ వదులుతున్నారు, ఎదురుగా వచ్చేవాళ్లకు ఎక్కువ భయం. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి, వింటాను.

షోరూం అన్న (వరంగల్)

అక్కా, ఇప్పుడు ఎంత కడుతున్నారో ముందు చూద్దాం, లేకపోతే ఈ పంచాయితీ తెల్లారేదాకా తెగదు. నేను కార్లు అమ్మే పనిలో ఉన్నాను కాబట్టి ఈ లెక్కలు రోజూ నోట్లో నానేవే.

కేంద్రం జీఎస్టీ: నాలుగు మీటర్లు దాటిన పొడవు, 1500 సీసీ దాటిన ఇంజన్, నేలకు కనీసం 170 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే 28 శాతం జీఎస్టీ, దానిపైన 22 శాతం సెస్సు, మొత్తం 50 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు తీసేసి 40 శాతం చేశారు. అదే రోజు నుంచి చిన్న కార్లకు 18 శాతమే. చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లు దాటొద్దు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటొద్దు.

ఇక రాష్ట్రం లైఫ్ టాక్స్ ధరను బట్టి. 2022 మేలో పెట్టిన శ్లాబుల్లో ఐదు లక్షల లోపు 13, పది లక్షల లోపు 14, ఇరవై లక్షల లోపు 17, ఆపైన 18 శాతం. పది లక్షలు దాటిన వాటికి 2025 ఆగస్టులో మళ్లీ పెంచారు. ఒకే మనిషి పేరు మీద రెండో బండి తీస్తే ఇంకో 2 శాతం. పైగా ఇది జీఎస్టీ కలిపిన షోరూం ధర మీద పడుతుంది, అంటే పన్ను మీద పన్ను. నలభై లక్షల బండి తీసుకున్నాయన లైఫ్ టాక్స్ ఒక్కటే ఏడు లక్షల పైన కడతాడు. కట్టడం లేదని మాత్రం అనలేం.

థార్ తమ్ముడు (హనుమకొండ)

అన్న సరిగ్గా చెప్పాడు. ఇంకోటి కలపండి. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. నా బండి సిటీలో లీటరుకు పది, పదకొండు ఇస్తుంది. మా పక్కింటి సార్ చిన్న కారు ఇరవై దాకా ఇస్తుంది. ఇద్దరం ఒకే దూరం తిరిగితే డీజిల్, పెట్రోలు రూపంలో నేను కట్టేది దాదాపు డబుల్. కొన్నప్పుడు కట్టినం, నడిపిన ప్రతి కిలోమీటరుకూ కడుతున్నం. ఇంకా ఎన్నిసార్లు కట్టాలె?

అక్కా, షాపు ముందు అడ్డంగా ఆపినవాడిది తప్పే. వాడికి ఫైన్ వెయ్యండి, బండికి లాక్ వెయ్యండి, నేనే చప్పట్లు కొడతా. కానీ ఒకడు అడ్డంగా ఆపితే అదే రకం బండి ఉన్న అందరికీ పన్ను వెయ్యడం ఏం న్యాయం? ఆటో అడ్డంగా ఆపితే ఆటోలన్నిటికీ పన్ను పెంచుతామా?

ములుగు బొలెరో (తాడ్వాయి వైపు)

మీ హనుమకొండ గొడవ నాకు అర్థమైంది. మా దిక్కు నుంచి కూడా ఒక మాట వినండి. 2023 జూలై చివర్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, రాష్ట్రంలోనే రికార్డు. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగితే హెలికాప్టర్లు వచ్చినయి. కొండాయి దగ్గర జంపన్నవాగు పొంగి మనుషులనే మింగింది. అంత వానకు ఏ బండీ పనికిరాదు, అది నేనూ ఒప్పుకుంటా. కానీ మామూలు వానాకాలంలో, లో లెవల్ వంతెన మీద మోకాలు లోతు నీళ్లు తగ్గి బురద మిగిలినప్పుడు, గూడెం నుంచి నొప్పులు పడుతున్న ఆడమనిషిని రోడ్డు దాకా తెచ్చేది ఎత్తు బండే. చిన్న కారు కడుపు తగిలి అక్కడనే కూర్చుంటది.

మా దగ్గర జీపు, ట్రాక్స్, బొలెరో సోకు కోసం కొన్నవి కావు. పొద్దున కూలీలను తీసుకపోతది, మధ్యాహ్నం మిర్చి బస్తాలు, రాత్రి పేషంటు. "పెద్ద బండి" అని ఒకే గాటన కట్టేసి పన్ను పెంచితే దెబ్బ మాకు తగుల్తది, మీ చౌరస్తాలో ఆపేటాయనకు కాదు. ఆయనకు లక్ష ఎక్కువైనా లెక్కలోది కాదు. మాకు లక్ష అంటే ఒక పంట.

నక్కలగుట్ట అక్క (హనుమకొండ)

ములుగు తమ్ముడూ, నేను అడిగింది నీలాంటివాళ్ల గురించి కాదు. పని కోసం వాడే బండి వేరు, దర్జా కోసం వాడేది వేరు. ఆ తేడా కాగితం మీద ఎట్ల పట్టుకోవాలన్నదే నా ప్రశ్న.

థార్ తమ్ముడూ, ఆటో ఆపితే పక్క నుంచి మనిషి దూరి పోవచ్చు. నీ బండి ఆపితే పోలేం. రెండూ ఒకటే ఎట్లయితయి?

లెక్కల సార్ (కాజీపేట)

రోడ్ల శాఖలో పనిచేసి రిటైర్ అయినవాడిని. ఈ చర్చలో ఎవరో ఒకరు "పెద్ద బండ్లు రోడ్లు పాడు చేస్తున్నాయి" అనబోతారు, అందుకే ముందుగానే రాస్తున్నాను.

1958 నుంచి 1960 దాకా అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర ఒక పెద్ద రోడ్డు పరీక్ష చేశారు. రకరకాల బరువుల లారీలను రాత్రింబవళ్లు ఒకే రోడ్డు మీద తిప్పి, ఏ బరువుకు రోడ్డు ఎంత చెడిందో కొలిచారు. తేలిందేమిటంటే ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు కాదు, దాదాపు పదహారు రెట్లు. ఇప్పటికీ రోడ్డు మందం లెక్క కట్టేటప్పుడు ఇంజనీర్ల వెనుక ఉండేది ఈ సూత్రమే.

దీని ప్రకారం ఇరుసుకు 600 కిలోలు పడే చిన్న కారు కంటే ఇరుసుకు 1,200 కిలోలు పడే ఎస్‌యూవీ పదహారు రెట్లు ఎక్కువ అరగదీస్తుంది. వినడానికి ఘోరంగా ఉంది. కానీ లారీ ఇరుసు చూడండి. 2018 జూలైలో కేంద్రం పెంచిన పరిమితి ప్రకారం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 11.5 టన్నులు. అదే సూత్రంతో గుణిస్తే అది ఎస్‌యూవీ ఇరుసుకంటే 8,000 రెట్లకు పైగా నష్టం. అదీ రూల్ ప్రకారం నింపితేనే. మహదేవ్‌పూర్, మంగపేట వైపు నుంచి వచ్చే ఇసుక లారీ ఓవర్‌లోడుతో వస్తే ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. కాబట్టి పరకాల రోడ్డులో కంకర తేలితే కారణం ఎస్‌యూవీ కాదు. రెండు టన్నుల బండ్లూ ఒక టన్ను బండ్లూ కలిసి చేసే నష్టం కంటే, మన దగ్గర వాన నీళ్లు పోయే దారి లేక రోడ్డు మీద నిలిచి చేసే నష్టమే ఎక్కువ.

పెద్ద బండికి పన్ను వేయాలనుకుంటే వేయండి, నాకు అభ్యంతరం లేదు, కానీ రోడ్డు పేరు చెప్పి వేయొద్దు. ఆ సాకు నిలబడదు.

కరీంనగర్ పన్నెండు టైర్లు

సార్ చెప్పింది నిజమే, నేను గ్రానైట్ బ్లాకులు తోలే లారీ ఓనర్‌ను, కాదనను. కానీ మేం మూడు నెలలకోసారి టాక్స్ కడతం, టోల్ కడతం, పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్. కిరాయి రేటు చూస్తే రూల్ ప్రకారం నింపితే డీజిల్ ఖర్చు కూడా మిగలదు, అందుకే ఎక్కువ నింపుతరు. క్వారీ దగ్గర, ఇసుక రీచ్ దగ్గర కాంటా మీదనే ఆపితే రోడ్డు మీద ఎవడూ ఓవర్‌లోడ్ తోలడు. నింపేటోన్ని వదిలి నడిపేటోన్ని పట్టుకుంటున్నరు. మా లారీ రోడ్డు పాడు చేస్తదని తెలిసి కూడా మాకు ఇష్టమై చేస్తున్నమని అనుకోకండి. అదే గుంతలల్ల మా కమాన్‌పట్టీలే విరుగుతున్నయి.

థార్ తమ్ముడు (హనుమకొండ)

సార్‌కు దండం. ఇక రోడ్డు మాట అయిపోయినట్టే కదా.

క్యాజువాలిటీ సిస్టర్ (వరంగల్)

రోడ్డు మాట అయిపోయింది, మనుషుల మాట ఇంకా మొదలే కాలేదు.

నేను ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో పని చేస్తాను. పేషంట్ల వివరాలు చెప్పను, చెప్పకూడదు కూడా. దెబ్బ ఎక్కడ తగులుతుందో మాత్రం చెబుతాను. మామూలు కారు ముందు భాగం వంగి, కిందికి ఉంటుంది. మనిషిని గుద్దితే ముందు కాళ్లకు తగులుతుంది, మనిషి బానెట్ మీదికి ఒరుగుతాడు. కాళ్లు విరుగుతాయి, చాలాసార్లు ప్రాణం నిలుస్తుంది. ముందు భాగం గోడలా నిటారుగా, ఎత్తుగా ఉన్న బండి గుద్దితే పెద్దవాళ్లకు తుంటి, పొట్ట, ఛాతీ. ఐదారేళ్ల పిల్లలకైతే నేరుగా తల. ఆ వయసు పిల్ల ఎత్తు మీటరు పైన కొంచెం. కొన్ని బండ్ల బానెట్టే మీటరు ఎత్తుంటుంది. డ్రైవర్ సీట్లో కూర్చుంటే ముందు నిలబడ్డ పిల్ల జుట్టు కూడా కనిపించదు.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపే హైవే భద్రత సంస్థ 2023లో వేల ప్రమాదాలు పరిశీలించి చెప్పింది: బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండి గుద్దితే, 30 అంగుళాల లోపు ఎత్తు, వాలు ముక్కు ఉన్న కారు గుద్దినదాని కంటే నడిచే మనిషి చనిపోయే అవకాశం 45 శాతం ఎక్కువ. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు నడిచిపోతున్నవాళ్లు. మిగతావాళ్లలో ఎక్కువ మంది టూవీలర్ మీద ఉన్నవాళ్లు. అంటే ఎవరి చుట్టూ ఇనుప డబ్బా లేదో వాళ్లే పోతున్నారు.

దానికి తోడు బంపర్ ముందు ఇనుప గొట్టాల గార్డు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ అవి చట్టవిరుద్ధమని, తీయించమని రాష్ట్రాలకు రాసింది. ఇవాళ హంటర్ రోడ్డు మీద నిలబడి చూడండి, ఎన్ని కనిపిస్తాయో.

"నా కుటుంబం సేఫ్‌గా ఉండాలని పెద్ద బండి కొన్నా" అంటారు చాలామంది. మంచిదే. ఆ సేఫ్టీకి అయ్యే ఖర్చులో కొంత బయట నడిచేవాళ్ల ఒంటి మీద పడుతోంది. అందుకే ఎక్కువ కట్టడం న్యాయమని నా అభిప్రాయం. రోడ్డు అరుగుదల కోసం కాదు, ఇందుకోసం.

థార్ తమ్ముడు (హనుమకొండ)

సిస్టర్, మీ మాటకు గౌరవం ఉంది. బంపర్ గార్డు విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు. మాది ఆఫ్‌రోడ్ గ్రూపు, అంటే రోడ్డు లేని చోట సరదాగా బండ్లు నడిపేవాళ్లం; అందులో గార్డులు పెట్టుకున్నవాళ్లను ట్రిప్‌కు రానివ్వం, ఎందుకంటే గుద్దినప్పుడు ఎయిర్‌బ్యాగ్ సరిగా తెరుచుకోదు, అది లోపల ఉన్నవాడికీ ప్రమాదమే.

కానీ ప్రాణం తీసేది ఎత్తు ఒక్కటే కాదు, స్పీడు. కాలనీలో ముప్పైలో పోయే స్కార్పియో కంటే తొంభైలో పోయే చిన్న కారు ప్రమాదం. స్పీడ్ కెమెరాలు పెట్టండి, తాగి నడిపితే లైసెన్స్ పీకేయండి. పన్ను కట్టినవాడు నెమ్మదిగా నడుపుతాడని గ్యారంటీ ఏముంది? "డబ్బులు కట్టినా కదా" అని ఇంకా రెచ్చిపోయేవాళ్లూ ఉంటారు.

ఇంకొక విషయం. మీరు రోడ్డు మీద చూసే పెద్ద బండ్లలో చాలావాటికి ఫోర్ బై ఫోరే, అంటే నాలుగు చక్రాలకూ పవరే ఉండదు. రెండు చక్రాలకే పవర్, లోపల సోఫా, పైన సన్‌రూఫ్. అవి వాగు చూస్తే వెనక్కి తిరుగుతాయి. నిజంగా బురదలో నడిపేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. ఆఫ్‌రోడ్ అనగానే మా మీద పడకండి.

కాజీపేట టు పారిస్

పుట్టింది కాజీపేటలో, ఇప్పుడు పనిచేసేది పారిస్‌లో. ఇక్కడ ఇదే గొడవ ఓటింగ్ దాకా పోయింది కాబట్టి చెబుతున్నా. 2024 ఫిబ్రవరి 4న పారిస్ నగరపాలక సంస్థ జనాన్ని అడిగింది: బరువైన బండ్లకు పార్కింగ్ ఫీజు మూడింతలు చేయాలా అని. 54 శాతానికి పైగా చేయమన్నారు. అయితే ఓటేయడానికి వచ్చినవాళ్లు ఆరు శాతం కూడా లేరు, దానిమీద ఇప్పటికీ విమర్శ ఉంది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. నగరం నడిమధ్యలో గంటకు 18 యూరోలు, చుట్టుపక్కల 12. పెట్రోలు, డీజిల్, హైబ్రిడ్ అయితే 1.6 టన్నులు, ఎలక్ట్రిక్ అయితే 2 టన్నులు దాటితే ఈ రేటు.

ఇక్కడ గమనించాల్సింది, వాళ్లు "ఎస్‌యూవీ" అని పేరు పెట్టలేదు, ఓటప్పుడు ఆ మాట వాడినా రూల్ మాత్రం బరువు మీద రాశారు. ఎందుకంటే ఎస్‌యూవీ అంటే ఏమిటో ఎవడూ గీత గీసి చెప్పలేడు, బరువు మాత్రం కాగితం మీద ఉంటుంది. ఆ ప్రాంతంలోనే ఇల్లున్నవాళ్లకు, చేతి పనులవాళ్లకు, వికలాంగులకు మినహాయింపు ఇచ్చారు. ఇది కాక దేశం మొత్తానికి బరువు పన్ను వేరే ఉంది. 2022లో 1,800 కిలోలు దాటితే మొదలయ్యేది, 2024లో 1,600కు దించారు, దాటిన ప్రతి కిలోకు ఇంత అని రిజిస్ట్రేషన్ అప్పుడే కట్టించుకుంటారు.

ములుగు అన్న భయం ఇక్కడి పల్లెలవాళ్లకూ ఉంది. అందుకే పార్కింగ్ ఫీజు నగరానికే పరిమితం. ఊర్లో వాడుకునేవాడికి దాంతో సంబంధమే లేదు.

ములుగు బొలెరో (తాడ్వాయి వైపు)

ఇది బాగుంది అన్నా. బండి కొన్నప్పుడు కాకుండా, ఎక్కడ ఆపితే అక్కడ కట్టాలె. నేను ఎంజీఎం ఆసుపత్రికి పేషంటును తెచ్చినప్పుడు మాత్రం వదిలేయండి.

షోరూం అన్న (వరంగల్)

బరువు మాట వచ్చింది కాబట్టి మన దగ్గర పన్ను ఎంత వంకరగా ఉందో చూపిస్తాను. మారుతీ జిమ్నీ తీసుకోండి. అచ్చమైన ఫోర్ బై ఫోర్, నాలుగు మీటర్ల లోపే, బరువు 1,200 కిలోల దగ్గర. ఇంజన్ 1462 సీసీ పెట్రోలు, అంటే 1200 దాటింది కాబట్టి చిన్న కారు కాలేదు, 40 శాతం శ్లాబులో పడింది. బొలెరో దానికంటే బాగా బరువు, కానీ పొడవు 3,995 మిల్లీమీటర్లు, డీజిల్ ఇంజన్ 1493 సీసీ, కాబట్టి 18 శాతం. ఐదు మిల్లీమీటర్ల తేడాతో, ఏడు సీసీల తేడాతో చిన్న కారు అయిపోయింది. థార్‌లోనే 1497 సీసీ డీజిల్ తీసుకుంటే 18, 2184 సీసీ తీసుకుంటే 40. బయట నుంచి చూస్తే బాడీ ఒకటే, బానెట్ ఎత్తు ఒకటే, గుద్దితే దెబ్బ ఒకటే.

అంటే మనం కొలుస్తున్నది పొడవును, ఇంజన్‌ను, ధరను. సిస్టర్ చెప్పిన ప్రమాదం వీటిలో దేంట్లోనూ లేదు. కంపెనీలు కూడా గీత ఎక్కడుందో చూసుకుని దానికి ఒక్క వెంట్రుక ఇవతల బండి తయారు చేస్తాయి. పన్ను ఎక్కువా తక్కువా అని కొట్టుకునే ముందు దేన్ని కొలవాలో తేల్చుకోవాలి.

జనగామ రైతుబిడ్డ

ఎలక్ట్రిక్ బండ్ల సంగతేంది మరి? పెద్ద బ్యాటరీ వేసిన ఎస్‌యూవీ రెండు టన్నుల దాకా తూగుతది. దానికి జీఎస్టీ 5 శాతం, మన రాష్ట్రంలో 2026 డిసెంబరు 31 దాకా లైఫ్ టాక్స్ సున్నా. ముప్పై లక్షలు పెట్టి కొన్నాయన రూపాయి లైఫ్ టాక్స్ కట్టడు. మా ఊర్లో ఆరు లక్షలతోటి చిన్న కారు తీసుకున్న టీచరమ్మ 14 శాతం కట్టింది. పొగ రాదు, ఒప్పుకుంట. పిల్లగాని మీదికి వస్తే బరువు బరువే కదా.

క్యాజువాలిటీ సిస్టర్ (వరంగల్)

నిజమే. చప్పుడు కూడా రాదు, వెనుక నుంచి వస్తే ముసలివాళ్లకు తెలియదు.

కాజీపేట టు పారిస్

ఫ్రాన్స్‌లో బరువు పన్ను పెట్టినప్పుడు ఎలక్ట్రిక్ బండ్లను దాని నుంచి తప్పించారు, పార్కింగ్‌లో మాత్రం పరిమితి పెంచి 2 టన్నుల దగ్గర గీత గీశారు. పొగకు ఒక లెక్క, జాగాకు ఒక లెక్క వేరు చేయడం అంటే అదే. మన ఢిల్లీలో కూడా ఇలాంటిది ఒకటి జరిగింది. 2016 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల 2000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ కార్లకు ఒక శాతం పర్యావరణ రుసుము కట్టి రిజిస్టర్ చేసుకోమంది. అది పొగ కోసం వేసిన పన్ను, దాని లెక్క ఇంజన్‌తో సరిపోయింది.

ఉట్నూరు అడవి (ఆదిలాబాద్)

థార్ తమ్ముడు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందిమి అన్నాడు. ఆ కొద్దిమందే మా దిక్కు వస్తే ఏమైతదో చెప్తా. వాన తగ్గంగనే బండ్లు వరుసగా వస్తయి. వాగు ఒడ్డు మీద దారి ఉంటది, దారి మీద పోరు, వాగులకే దించుతరు. చక్రం తిప్పి తిప్పి బురద లేపుతరు, పైన డ్రోన్. కింద ఊరోళ్లు చెలిమ తీసి నీళ్లు తెచ్చుకునేది అదే వాగు. పశువులు తాగేది అదే. ఒడ్డు కోసుకపోతే మళ్ల వానకు పక్క చేను కూడా జారుతది. చేను ఆయన వచ్చి అడిగితే "గవర్నమెంట్ జాగ కదా" అన్నరు.

లైఫ్ టాక్స్ హైదరాబాద్‌ల కట్టిండ్రు. వాగు మాది. ఆ పన్నుల నుంచి మా పంచాయతీకి ఎంత వచ్చింది? అందుకే నేననేది, ఆఫ్‌రోడ్ తోలాలంటే ముందు గ్రామ సభ దగ్గర అనుమతి, పంచాయతీకి ఫీజు, ఫలానా దారిలో మాత్రమే. అభయారణ్యం లోపలికైతే అసలే వద్దు.

థార్ తమ్ముడు (హనుమకొండ)

ఉట్నూరు అన్నా, మా గ్రూపు వాగుల్లోకి దిగదు, పాత క్వారీ జాగల్లో, ఓనర్‌ను అడిగి నడుపుతాం. కానీ నువ్వు చెప్పినవాళ్లు ఉన్నారు, నేనూ చూశాను. పంచాయతీకి ఫీజు అంటే నేను సంతోషంగా కడతా. ఎక్కడ నడపొచ్చో బోర్డు పెట్టి చెప్పినా మాకు మంచిదే, దొంగతనంగా నడిపినట్టు ఉండదు. నాకు నొప్పి ఎక్కడంటే, లైఫ్ టాక్స్ అని ఖజానాలో వేసుకుని, దేనికి ఖర్చు పెట్టారో చెప్పకుండా మళ్లీ మళ్లీ అడగడం దగ్గర.

జనగామ రైతుబిడ్డ

అదే నా బాధ కూడా. బండి మీద వచ్చిన డబ్బు ఊరి రోడ్డుకు వస్తదని ఎక్కడా రాసి లేదు. మా ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా దారి బాగుంటే సగం మంది ఎత్తు బండి కొనేటోళ్లే కాదు. నేను బొలెరో కొన్నది సోకుకు కాదు, స్కూటీ మీద పోతే అమ్మ నడుము పోయింది, కారు కొంటే కింద తగుల్తది అని. రోడ్డు వేయనిది వాళ్లే, ఎత్తు బండి కొన్నందుకు ఎక్కువ అడిగేదీ వాళ్లేనా?

లెక్కల సార్ (కాజీపేట)

ఈ ప్రశ్న దాటి ముందుకు పోకూడదు. రైతుబిడ్డ చెప్పింది నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఊరూరా విన్న మాట.

నాకు తోచిన దారి చెబుతాను. ప్రతి ఆర్సీ మీద ఖాళీ బండి బరువు కిలోల్లో రాసి ఉంటుంది, కొత్తగా ఎవరూ తూచాల్సిన పని లేదు. నగరపాలక సంస్థ పరిధిలో, అంటే హనుమకొండ, వరంగల్, కాజీపేట మూడింటిలోనూ రద్దీ ఉన్న కొన్ని రోడ్లను ఎంచుకుని గంటల లెక్కన పార్కింగ్ ఫీజు పెట్టాలి. 1,500 కిలోల లోపు ఒక రేటు, దాటితే దానికి రెండింతలు. ఎలక్ట్రిక్‌కు కూడా అంతే. ఫార్చ్యూనర్ పొడవు 4,795 మిల్లీమీటర్లు, వెడల్పు 1,855. స్విఫ్ట్ 3,860, వెడల్పు 1,735. హెచ్చించి చూడండి, మూడో వంతు జాగా ఎక్కువ. జాగాకు కిరాయి అనుకుంటే ఎవరికీ కోపం రానక్కర్లేదు. ఆ డబ్బు అదే రోడ్ల ఫుట్‌పాత్‌లకే ఖర్చు పెట్టాలని తీర్మానంలో రాయాలి, రాయకపోతే అది కూడా ఖజానాలో కలుస్తుంది.

లైఫ్ టాక్స్‌లో బరువు చేర్చడం రాష్ట్రం పని. అక్కడ ఏజెన్సీ మండలాలకు, అంటే గిరిజన ప్రాంతాలకు, మినహాయింపు ఇస్తే ఒక చిక్కు ఉంది. ఇప్పుడే ఖరీదైన బండ్లను పన్ను తక్కువని పుదుచ్చేరిలో రిజిస్టర్ చేసుకుని ఇక్కడ తిప్పుతున్నారు. రేపు నక్కలగుట్టలో ఉండే ఆయన ఏటూరునాగారం అడ్రసు చూపిస్తాడు.

ములుగు బొలెరో (తాడ్వాయి వైపు)

సార్, దొంగ అడ్రసు వాడెవడో చేస్తాడని మాకు మినహాయింపు వద్దంటే ఎట్ల? పసుపు నంబరు ప్లేటు బండ్లకు ఇయ్యండి, తెల్ల ప్లేటైతే పట్టాదారు పాసుబుక్కు, ఆధార్ రెండూ అదే మండలంలో ఉంటేనే ఇయ్యండి, ఇంటికి ఒక్క బండికే ఇయ్యండి. పట్టా లేని గూడేలవాళ్లు ఉంటరు, వాళ్లకు పంచాయతీ కాగితం చాలని రాయండి. దొంగను పట్టే బాధ్యత ఆఫీసుది, మాది కాదు.

లెక్కల సార్ (కాజీపేట)

ఇంటికి ఒక్క బండి అన్న షరతు గట్టిది. దానికి నేను ఒప్పుకుంటాను.

కరీంనగర్ పన్నెండు టైర్లు

మీరు పార్కింగ్ రాసేటప్పుడు సరుకు దించే డీసీఎంలు, ట్రాలీల సంగతి కూడా రాయండి. ఎనుమాముల మార్కెట్‌కు, బట్టల బజారుకు సరుకు వచ్చేది వాటిలోనే. పొద్దున తొమ్మిది లోపు దించుకునే టైము ఇస్తే వాళ్లు రోడ్డు మీద పగలంతా నిలబడరు.

నక్కలగుట్ట అక్క (హనుమకొండ)

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. నాకు ఇందులో తేలింది రాస్తున్నా, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఇచ్చే కాగితంలో పెట్టడానికి. రద్దీ రోడ్ల మీద బరువును బట్టి పార్కింగ్ ఫీజు, ఆ డబ్బు ఫుట్‌పాత్‌కే. ఇనుప బంపర్ గార్డులు తీయించే డ్రైవ్. సరుకు బండ్లకు పొద్దున టైము. పేషంట్లను తెచ్చే బండ్లకు ఫీజు లేదు. స్కూళ్ల ముందు పెద్ద బండ్లు ఆపడానికి లేదు, పిల్లలను యాభై అడుగుల అవతల దించి నడిపించుకుని రావాలి. ఈ చివరిది నేను కలిపాను, సిస్టర్ రాసింది చదివాక.

లైఫ్ టాక్స్ బరువు మీద ఉండాలన్నది కూడా రాయాలని నా కోరిక. ఎవరెవరు సంతకం పెడతారు?

థార్ తమ్ముడు (హనుమకొండ)

పార్కింగ్, గార్డులు, స్కూలు మూడింటికీ పెడతా అక్కా, మా గ్రూపు వాళ్లతో కూడా పెట్టిస్తా. లైఫ్ టాక్స్ ఆ కాగితంలో ఉంటే మాత్రం పెట్టను. ఇప్పుడున్నది తీసేసి దాని బదులు బరువు మీద వేస్తామంటే ఆలోచిస్తా. ఉన్నదాని మీద ఇంకోటి అంటే వద్దు.

క్యాజువాలిటీ సిస్టర్ (వరంగల్)

నేను అన్నిటికీ పెడతాను. బరువుతో పాటు బానెట్ ఎత్తు కూడా రాయండి.

ములుగు బొలెరో (తాడ్వాయి వైపు)

లైఫ్ టాక్స్ రాస్తే మా మినహాయింపు అదే లైన్‌లో రాయాలె, తర్వాత చూద్దామంటే కుదరదు. అట్ల రాస్తే సోమవారం నేనే వస్తా, నాతోటి ఇంకో పదిమంది వస్తరు.

నక్కలగుట్ట అక్క (హనుమకొండ)

అయితే రెండు కాగితాలు చేస్తాను. ఒకటి నగరపాలక సంస్థకు, పార్కింగ్ వరకే. ఇంకోటి రవాణా శాఖకు, లైఫ్ టాక్స్, ఏజెన్సీ మినహాయింపు, బానెట్ ఎత్తు అన్నీ కలిపి. ఎవరికి ఇష్టమైన దానిమీద వాళ్లు పెట్టండి. లెక్కల సార్, రోడ్ల పేర్లు, కొలతలు మీరు రాసిస్తే ఆదివారం టైప్ చేయిస్తాను.

లెక్కల సార్ (కాజీపేట)

రాసిస్తానమ్మా. శనివారం పొద్దున టేపు పట్టుకుని చౌరస్తా దగ్గర ఫుట్‌పాత్ కొలుస్తాను, ఎవరైనా ఒకరు తోడు రండి.

థార్ తమ్ముడు (హనుమకొండ)

నేను వస్తా సార్. ఏడు గంటలకు.